ఎనిమిదో భూకంపానికి పోస్టు లేదు

కొంగదీవి అనే దేశం ఒకటుందని చాలామందికి తెలియదు. మ్యాపులో బంగాళాఖాతం దిగువన ఈగ వాలిన మరకలా కనిపిస్తుంది. స్కూలు పిల్లలు దాన్ని గోటితో గీకి చూస్తుంటారు. మూడు వందల ఏళ్ల కిందట కళింగ తీరం నుంచి ఉప్పుచేపల పడవల్లో బయల్దేరిన మనవాళ్లు కొందరు అక్కడ తేలారు. దారి నాకు తెలుసంటే నాకు తెలుసని పడవలు నడిపే సరంగులిద్దరూ పోట్లాడుకోవడమే అందుకు కారణం. దిగిన రోజే కాళ్ల కింద నేల ఊగింది. పడవ దిగినవాళ్లకి నేల ఊగడం మామూలేనని ఎవరూ పట్టించుకోలేదు. వారం తర్వాత కూడా ఊగుతుంటే అనుమానం వచ్చింది గానీ, అప్పటికే ఇళ్లు కట్టుకుని వాటికి నంబర్లు వేసేసుకున్నారు. నంబర్లు పడ్డాక ఊరు మార్చడం ఆఫీసు పనిగా చాలా కష్టం.

ఆ తర్వాత కొంగదీవి చరిత్రంతా భూకంపాల చరిత్రే. 1748లో ఒకటి, 1791లో ఒకటి, ఇలా మొత్తం ఏడు పెద్దవి వచ్చాయి. వాటి సంగతి చూసుకోవడానికి భూగర్భ శాఖ ఒకటుండేది. 1937లో వచ్చిన ఏడోది ఆ శాఖ భవనం మీదే విరుచుకుపడింది. పుస్తకాలూ యంత్రాలూ మట్టిలో కలిశాయి. భూమిని కొలిచే యంత్రం ఒక్కటి దొరికింది గానీ దాని ముల్లు అప్పటి నుంచీ ఒకే చోట నిలబడిపోయింది. ప్రభుత్వం భూగర్భ శాఖని ఎత్తేసి, భూకంపాల బాధ్యతని ఉద్యోగుల బదిలీలూ ప్రమోషన్లూ చూసే సిబ్బంది శాఖకి అప్పగించింది.

సిబ్బంది శాఖవాళ్లకి రాయి తెలియదు, మట్టి తెలియదు. వాళ్లకి తెలిసిందల్లా సీనియారిటీ జాబితా. కాబట్టి భూకంపాలకి సీనియారిటీ జాబితా తయారుచేశారు. ఒక్కొక్కదానికి ఒక సర్వీసు రిజిస్టరు తెరిచి పేరు, పుట్టిన తేదీ, స్వస్థలం, పనిచేసిన కాలం, సేవా ఫలితం, అన్నీ రాశారు. ఏడింటినీ పర్మనెంటు చేసి 'ప్రధాన భూకంపం' అని హోదా ఇచ్చారు. హోదా ఉన్నవారిని ఏకవచనంతో పిలవడం మర్యాద కాదని ఒక సర్క్యులరు కూడా వెళ్లింది. నాటి నుంచి బడిపిల్లలు "1748 భూకంపం గారు ఎప్పుడు వేంచేశారు?" అన్న ప్రశ్నకి జవాబు రాస్తున్నారు.

ఈ జాబితాని ముప్పై ఒక్క ఏళ్లుగా కాపాడుతున్నవాడు సూపరింటెండెంటు బగాది తవిటినాయుడు. మనిషి సన్నంగా ఉంటాడు, ఎవరి జోలికీ పోడు. అతని రాత ముత్యాల కోవ. ఏటా జనవరి ఒకటిన జాబితాని తాజాగా రాసి గోడకి అంటించడం అతని పని. ఏటా అవే ఏడు పేర్లు, అదే వరుస. "మిగతా శాఖల్లో జాబితా అంటే కోర్టు కేసులు. మా జాబితా మీద ఒక్క అప్పీలు లేదు" అని అతను గర్వంగా చెప్పుకునేవాడు.

అలాంటి జాబితా మీదికి జూన్ పన్నెండో తేదీ గురువారం పొద్దున పది నలభైకి ఎనిమిదో భూకంపం వచ్చిపడింది.

ఆఫీసు ఊగింది. బీరువాలు నడిచాయి. సిబ్బంది శాఖ క్రమశిక్షణ అప్పుడు చూడాలి! డైరెక్టరు వైకుంఠరావు గారు టేకు బల్ల కిందకి వెళ్లేదాకా డిప్యూటీ డైరెక్టరు ఆగాడు. డిప్యూటీ డైరెక్టరు దూరాక సూపరింటెండెంట్లు దూరారు, ఆ తర్వాత సీనియర్ గుమాస్తాలు, ఆ తర్వాత జూనియర్లు. అటెండరు వంతు వచ్చేసరికి భూకంపం అయిపోయింది. తవిటినాయుడు అలవాటు కొద్దీ బల్ల కింద లెక్కపెట్టాడు. యాభై రెండు సెకన్లు.

పదకొండు వందల ఇళ్లు కూలాయి. దీపస్తంభం పక్కకి ఒరిగింది. ఆ పూట పెద్దవల లాగడానికి ఊరు ఊరంతా, బడిపిల్లలతో సహా, ఒడ్డున ఉండటం వల్ల ఒక్క ప్రాణం పోలేదు. తవిటినాయుడు సంబరపడి కొత్త సర్వీసు రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, డైరెక్టరు గారి ముందు పెట్టాడు.

వైకుంఠరావు గారు దాన్ని చూపుడు వేలితో పక్కకి జరిపారు. ఆయన మాట్లాడినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. "సదరు భూకంపానికి నియామక ఉత్తర్వులు ఉన్నవా?"

"లేవండి. దానంతట అదే వచ్చిందండి."

"నియామక ఉత్తర్వులు లేకుండా విధుల్లో చేరిన భూకంపాన్ని మనం గుర్తించుట సాధ్యపడదు. ప్రస్తుతానికి 'కదలిక' అని నమోదు చేయుడు. మిగతాది పదోన్నతుల కమిటీ నిర్ణయించును."

కదలికకీ ప్రధాన భూకంపానికీ తేడా ఏమిటో ఆ మర్నాడు తవిటినాయుడి బల్ల ముందుకి నడిచివచ్చింది. పోలమ్మ నావలపేట బడికి హెడ్‌మిస్ట్రెస్. యాభై ఏళ్ల మనిషి. గొంతు గట్టిది, నడక గట్టిది. కొంగులో మూటగట్టి తెచ్చిన పెచ్చుల్ని అతని బల్ల మీద కుమ్మరించింది.

"ఇది మా రెండో తరగతి గోడండి. ఇది మూడో తరగతి కప్పు. రెండొందల పన్నెండు మంది పిల్లలున్నారు నాకు. బడి ఖాళీ సెయ్యడానికి ఉత్తర్వివ్వండి మాస్టారూ. రేవు గోదాం ఖాళీగా ఉంది, అక్కడ కూకోబెట్టుకుంటాను."

తవిటినాయుడు నిబంధనల పుస్తకం తీశాడు. "ప్రధాన భూకంపం తగిలితేనే ప్రభుత్వ భవనాన్ని ఖాళీ చేయించాలమ్మా. కదలిక తగిలితే ఒకసారి సున్నం వేయించుకోవచ్చు."

"పదకొండొందల ఇళ్లు పడిపోతే కదలికేటండి?"

"ఇంకా జాబితాలోకి ఎక్కలేదు కదమ్మా."

"జాబితాలోకి ఎక్కడానికి ఏటి సెయ్యాలి అది? మళ్లీ రావాలా?"

తవిటినాయుడు నిబంధనల పుస్తకం మూశాడు. పిల్లల్ని బయట కూర్చోబెట్టుకోమని మెల్లగా సలహా ఇచ్చాడు. అదీ అయిందంది పోలమ్మ. ఆ పొద్దున్నే తెరచాప నీడలో పాఠం చెబుతుంటే ఇన్‌స్పెక్టరు వచ్చి, భవనం లోపల లేని విద్యార్థి హాజరైనట్టు కాదని రెండొందల పన్నెండు మందికీ ఆబ్సెంటు వేసి పోయాడట. వరసగా మూడు రోజులు ఆబ్సెంటైతే పేరు కొట్టేస్తారు, మధ్యాహ్నం అన్నం ఆగిపోతుంది. "లోపల కూకోబెడితే గోడ భయం, బయట కూకోబెడితే కూడు భయం. మీరే సెప్పండి ఏటి సెయ్యనో" అని, పెచ్చుల్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

పదోన్నతుల కమిటీ పది రోజుల తర్వాత కూర్చుంది. తవిటినాయుడు ఎంతో ఆశతో నోట్ చదివాడు.

వైకుంఠరావు గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఈ అభ్యర్థి యాభై రెండు సెకన్లు మాత్రమే పనిచేసినట్లు తెలియవచ్చుచున్నది. 1748 గారు తొంభై సెకన్లు పనిచేసియున్నారు. అయినప్పటికీ ఈ అభ్యర్థి రెండింతల ఇళ్లు కూల్చినది. తక్కువ కాలంలో ఎక్కువ పని చూపించుట మన సర్వీసులో వాంఛనీయ లక్షణం కాదు. ఇది సీనియర్లను కించపరచుట కిందకు వచ్చును."

డిప్యూటీ డైరెక్టరు తల ఊపాడు. పైగా మంజూరైన పోస్టులు ఏడే, ఏడూ నిండి ఉన్నాయని గుర్తుచేశాడు.

"ఎనిమిదో పోస్టు మంజూరు చేయమని రాద్దామండి" అన్నాడు తవిటినాయుడు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు జగ్గారావు లేచాడు. ఆయన దక్షిణ కొంగదీవి ప్రతినిధి. బుర్రమీసాలు, గంభీరమైన పొట్ట.

"ఎనిమిదోది మంజూరైతే అది దక్షిణానికే ఇవ్వాల! ఏడిట్లో ఏడూ ఉత్తరానికే కట్టబెట్టారు. మా దక్షిణపోళ్లం ఏటి పాపం సేశాం? మా పిల్లలు పరీక్షల్లో మీ భూకంపాల పేర్లే రాయాలా? మాకంటూ ఒక్కటి వొద్దా?"

"దక్షిణాన నేల గట్టిది కదండీ. అక్కడ భూకంపం రాదు" అన్నాడు తవిటినాయుడు.

"ఆ గట్టి నేలే మాకు జరిగిన మొదటి అన్యాయం!" అని జగ్గారావు బల్ల గుద్దాడు. "పోస్టు మాకు రాసి ఖాళీగా ఉంచండి. వొచ్చినప్పుడే వొత్తాది. మేం ఆగుతాం."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని భూకంపానికి రిజర్వేషను ఖాయమైంది. వచ్చిన భూకంపం వెయిటింగ్ లిస్టులో పడింది. అయినా కమిటీ మరీ నిర్దయగా లేదు. పాతవాటిలో ఒకదాన్ని రిటైర్ చేస్తే ఖాళీ ఏర్పడుతుంది కదా అని డిప్యూటీ డైరెక్టరు దారి చూపించాడు. సర్వీసు రిజిస్టర్లన్నీ తిరగేస్తే, మూడోవారు, అంటే 1819 భూకంపం గారు, దొరికిపోయారు. వారి పుట్టిన తేదీ గడిలో నెలా తేదీ లేవు. తేదీ లేనివారి నియామకం చెల్లదని తేలితే వారిని ఇంటికి పంపవచ్చు. ఆ విచారణకి ఏకసభ్య కమిషన్‌గా తవిటినాయుడినే వేశారు. గడువు ఆరు నెలలు.

"ఆరు నెలలంటే గోడ ఆగదేమోనండి" అన్నాడు తవిటినాయుడు.

"ఏ గోడ?" అన్నారు వైకుంఠరావు గారు.

ఆ సాయంత్రం పోలమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయినంత పని చేసింది. "రండి మాస్టారూ. మీ జాబితాలు నానెన్నో సూశాను. మా గోడ మీరోసారి సూడండి."

నావలపేట బడి రాయీ సున్నమూ వేసి కట్టిన రెండంతస్తుల మేడ. సముద్రం వైపు గోడలో ద్వారబంధం దగ్గర మొదలైన చీలిక పునాది దాకా దిగింది. అందులోంచి సముద్రం కనిపిస్తోంది. చీలిక పక్కన బలపంతో అడ్డగీతలు, వాటి పక్కన తేదీలు ఉన్నాయి. రోజూ ఎంత విచ్చుకుందో మూడో తరగతి పిల్లలు కొలిచి రాస్తున్నారట. మొదట్లో వేలు పట్టేదట, ఇప్పుడు అరచెయ్యి దూరుతోందట.

"కూడికలు దీంతోటే నేర్పుతున్నానండి. నిన్నటికి ఇంత, ఇయ్యాల ఇంత, మొత్తం ఎంత అని. తీసివేతలు నేర్పాల్సొత్తాదేమో అని గుండె దడగుంది" అంది పోలమ్మ.

తవిటినాయుడు ఆ చీలికలో చెయ్యి పెట్టాడు. పెచ్చు ఒకటి రాలి అతని చెప్పు మీద పడింది. లోపల ఒకటో తరగతి పిల్లలు గోడకి దూరంగా, ఒకరి మీద ఒకరు పడి, పిట్టల్లా కూర్చుని ఉన్నారు. ఆ దూరం పోలమ్మ సుద్దముక్కతో గీసిన గీత. గోడ పడితే ఆ గీత దగ్గర ఆగుతుందా? అతనికి చెప్పలేనంత భయం వేసింది. ముప్పై ఒక్క ఏళ్లుగా తను రాసిన ముత్యాల్లాంటి అక్షరాల మీద అతనికి మొదటిసారి అసహ్యం కూడా వేసింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆఫీసంతా కునికిపాట్లు పడుతుంటే, అతను 1819 గారి పాత కాగితం తీసి చదివాడు. రేవు కరణం ఒకడు రెండు వందల ఏళ్ల కిందట తాటాకు మీద రాసినదానికి నకలు అది. 'వేట ఆగిన రోజుల్లో, పొద్దు రెండు బారలెక్కాక, సరంగు గారి ఇంటి పెళ్లిలో పప్పు వడ్డిస్తుండగా నేల అదిరెను. పప్పు నేలపాలాయెను' అని మాత్రమే ఉంది. వేట ఆగిన రోజులంటే కొంగదీవిలో కడలి పోటెక్కే వానాకాలం. రేవు లెక్కలో ఏటా జూలై పది నుంచి సెప్టెంబరు ఏడు దాకా అరవై రోజులు. ఆ అరవైలో ఏ రోజు ఆ పప్పు ఒలికిందో తేల్చేవాడు లేడు.

తవిటినాయుడు నిబంధనల పుస్తకం మళ్లీ తెరిచాడు. పద్నాలుగో నిబంధన: ప్రధాన భూకంపం వారి జన్మదినాన దేశంలోని కార్యాలయాలకూ పాఠశాలలకూ సెలవు. సెలవు రోజున ఎవరికీ ఆబ్సెంటు పడదు, పిల్లల అన్నం బియ్యం రూపంలో ఇంటికి వెళుతుంది. ఇరవై రెండో నిబంధన: సభ్యుని పుట్టిన తేదీ వివాదంలో ఉన్నచో, వివాదం తేలేవరకు సభ్యుని హక్కులకు ఏ రోజూ భంగం కలగరాదు.

అతను ఆ రెండు నిబంధనల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కలం తీశాడు. 'విషయం: 1819 భూకంపం గారి హక్కుల పరిరక్షణ' అని సర్క్యులరు రాశాడు. విచారణ తేలేవరకు, వారు పుట్టి ఉండగల అరవై రోజుల్లో ప్రతి రోజునూ వారి జన్మదినంగా పాటించవలెను.

వైకుంఠరావు గారు విషయం మాత్రమే చదివే అధికారి. "సీనియర్ల హక్కుల పట్ల మీ శ్రద్ధ అభినందనీయము" అని సంతకం పెట్టారు.

జూలై పదిన కొంగదీవి మూతపడింది. మొదటి రోజు జనం ముక్కున వేలేసుకున్నారు. రెండో రోజు వేలు తీసి వలలు బాగుచేసుకున్నారు. జీతగాళ్లెవరూ నోరెత్తలేదు. సెలవు మీద అప్పీలు చేసిన ఉద్యోగి ఆ దేశ చరిత్రలో లేడు. అయిదో రోజుకి వైకుంఠరావు గారికి సర్క్యులరు పూర్తిగా చదివే తీరిక దొరికింది. చదివి, పంచె ఎగ్గట్టుకుని ఆఫీసుకి పరుగెత్తారు.

గేటుకి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ బీడీ దాచి లేచాడు.

"తెరువు. ఆ సర్క్యులరు తక్షణమే రద్దు చేయవలసియున్నది."

"ఇయ్యాల సెలవండి. సెలవునాడు రద్దు సేసినా సెల్లదండి. తమరే కదండీ అలగని రాసింది, మొన్నేడాది?"

ఆయన రాసిన మాట నిజమే. ఆయన ఇంటికి వెళ్లి పడుకున్నారు.

తొమ్మిదో రోజు, జూలై పద్దెనిమిదో తేదీ శుక్రవారం, పొద్దున పది ఇరవైకి నేల మళ్లీ కదిలింది. ఏమంత కాదు, పదకొండు సెకన్లు. గూట్లో గిన్నెలు కూడా పడలేదు. నావలపేట బడి మాత్రం నిలువునా కూలిపోయింది. పై అంతస్తు మొత్తం కింది అంతస్తులోని ఒకటో తరగతి గది మీద పడింది. సుద్దగీత ఎక్కడుందో కనబడలేదు. సెలవు కాకపోతే అది ఎక్కాలు వల్లించే వేళ.

తవిటినాయుడు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. పోలమ్మ దుమ్ములో నిలబడి ఉంది. లోపల ఎవరూ లేరని ఆమెకీ తెలుసు. అయినా ఇంటి నుంచి హాజరుపట్టీ తెచ్చుకుంది. పేట మొదటి ఇంటి దగ్గర మొదలుపెట్టి, గుమ్మం గుమ్మం ముందూ నిలబడి పేర్లు పిలిచింది. ఒకడు కోడిని తరుముతూ, ఒకతె తల దువ్వించుకుంటూ, ఒకడు ఇసకలోంచి, ఒకడు నీళ్లలోంచి, "ఉన్నానండీ", "ఉన్నానండీ" అని పలికారు. ఒక్కొక్క పేరుకీ ఆమె టిక్కు పెట్టింది. రెండొందల పన్నెండో టిక్కు పడేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు ఒడ్డున బోర్లించిన పడవ మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. తవిటినాయుడు పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు. ఇద్దరికీ సిగ్గు వేయలేదు.

సెప్టెంబరు ఎనిమిదిన ఆఫీసులు తెరుచుకున్నాయి. ప్రధాన భూకంపం లేకుండా ప్రభుత్వ భవనం ఖాళీ కాకూడదు గనుక, నావలపేట బడి కాగితాల మీద నిలబడే ఉంది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలు భవనం లోపలే కూర్చోవాలన్నాడు. పేటవాళ్లు అప్పటికే రాళ్లన్నీ ఎత్తిపోశారు. మిగిలిన పునాది గీతల మధ్య పోలమ్మ తెరచాప కట్టి పిల్లల్ని కూర్చోబెట్టింది. అతను గీతల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, అందరూ లోపలే ఉన్నారని సంతృప్తిగా రాసుకుని పోయాడు. కూలడానికి ఏమీ మిగలని ప్రభుత్వ భవనం కొంగదీవిలో అదొక్కటే.

ఆ వారమే పదోన్నతుల కమిటీ మళ్లీ కూర్చుంది. ఈసారి వాతావరణం మారింది. దక్షిణానికి తొమ్మిదో పోస్టు రాసిస్తామంటే జగ్గారావు మెత్తబడ్డాడు. వైకుంఠరావు గారు కూడా ఎనిమిదో భూకంపం పట్ల ఆదరంగా మాట్లాడారు.

"అభ్యర్థి జూన్‌లో చేసిన పనిని వదిలిపెట్టక, జూలైలో మరల వచ్చి బడిని పూర్తి చేసినది. ఇది కర్తవ్యదీక్షకు నిదర్శనము. పర్మనెంటు చేయుటకు కమిటీకి అభ్యంతరం లేదు. సూపరింటెండెంటు గారూ, సేవా ఫలితం చదవండి."

తవిటినాయుడు లేచాడు. "ఇళ్లు, పదకొండు వందలు. ప్రభుత్వ భవనాలు, ఒకటి. ప్రాణనష్టం, లేదండి."

డిప్యూటీ డైరెక్టరు నిబంధనల పుస్తకం తిరగేసి, మునివేళ్లతో ఒక చోట నొక్కాడు. ప్రధాన హోదాకి కనీసార్హత అక్కడుంది: సేవా ఫలితంలో ప్రాణనష్టం గడి ఖాళీగా ఉండరాదు. పాత ఏడింటికీ ఆ గడిలో అంకెలున్నాయి. చచ్చినవాళ్ల అంకెలు. అన్నేళ్లుగా వాటిని ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసినవాడు తవిటినాయుడే.

"అయ్యో" అన్నాడు జగ్గారావు. నిజంగా బాధపడ్డాడు. "కూసింతలో తప్పిపోనాదే!"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇవ్వడానికి సిద్ధమయ్యాక, పిల్లలు బతికి ఉండటం అడ్డొచ్చింది. భూకంపం అనర్హమైంది. అనర్హతకి బాధ్యులెవరో తేల్చాలి కదా! నాలుగు రోజుల్లో తవిటినాయుడికి మెమో అందింది.

'తాము జారీ చేయించిన సెలవు సర్క్యులరు కారణంగా, జూలై 18వ తేదీన పాఠశాల కూలు సమయమునకు అందు విద్యార్థులెవరూ లేకపోవుట జరిగినది. తత్ఫలితముగా, అన్ని విధములా యోగ్యమైన ఒక భూకంపము కనీసార్హత కోల్పోయి, దాని భవిష్యత్తు శాశ్వతముగా దెబ్బతిన్నది. ఇందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో వారం దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను. జవాబుపై ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను.'

తవిటినాయుడు మెమోని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని నావలపేట వెళ్లాడు. తెరచాప కింద పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు. పోలమ్మ మెమో చదివింది. చదువుతుంటే ఆమె మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది.

"ఇది మనుషులే రాశారేటండి?"

"మా డిప్యూటీ డైరెక్టరు గారు రాశారమ్మా. రాత నాదిలా ఉండదు."

"ఉద్యోగం పోతాదా?"

"పోవచ్చమ్మా."

"భయం నేదా?"

తవిటినాయుడు తడుముకోకుండా చెప్పాడు. "ఉందమ్మా. ఆ చీలికలో చెయ్యి పెట్టిన రోజంత లేదు."

అక్కడే, నేల మీద చతికిలబడి, పిల్లవాడి పలక ఒకటి అడిగి ఒళ్లో పెట్టుకుని, దాని మీద కాగితం పరిచి జవాబు రాశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో అతను రాసిన అతి చిన్న కాగితం అది. 'ఆరోపణ నిజం. పిల్లలు లోపల లేకుండా చేసింది నేనే. మళ్లీ అవకాశం వస్తే మళ్లీ చేస్తాను.' కింద సంతకం పెట్టి, సాక్షుల కోసం చూశాడు.

పోలమ్మ మొదటి సంతకం పెట్టింది. రెండోది పెట్టడానికి అయిదో తరగతి లీడరు కలం అందుకుంది. దాన్ని చూసి పక్కవాడు నేనూ అన్నాడు, వాడి వెనక ఇంకొకడు. ఇద్దరు చాలర్రా అన్నా వినలేదు. ఎవరూ చెప్పకుండానే వరస కట్టేశారు. కాగితం నిండిపోతే వెనక్కి తిప్పారు, వెనక నిండితే పోలమ్మ నోటుపుస్తకంలోంచి కాగితాలు చింపి ఇచ్చింది. నాలిక బయటపెట్టి రాసినవాళ్లు, సిరా ఒలకబోసినవాళ్లు, ఇంటిపేరుతో సహా రాసి మురిసిపోయినవాళ్లు, అందరూ రాశారు. తవిటినాయుడు వాటిని తుడవలేదు, దిద్దలేదు. సాయంత్రం గంట కొట్టే వేళకి ఒకటో తరగతి దాకా వచ్చింది వరస.

అందరికన్నా చివర ఒకటో తరగతి వరహాలమ్మ కూర్చుంది. బడిలో చేరి మూడు నెలలు, అందులో రెండు నెలలు సెలవులే. అయిదేళ్ల పిల్ల. కలాన్ని పిడికిట్లో పట్టుకుని, కాగితం మీద పడుకున్నంత పని చేసి, 'వ' రాసింది. చాలాసేపు ఆలోచించి 'ర' రాసింది. తర్వాత కలం తిరిగి ఇచ్చేసి లేచి నిలబడింది.

"ఇంకా ఉంది కదమ్మా నీ పేరు" అన్నాడు తవిటినాయుడు.

"మిగతాది నేర్పనేదు. రేపు రాత్తాను" అంది వరహాలమ్మ.

తవిటినాయుడు ఆ పిల్ల మొహంలోకి చూశాడు. సరేనమ్మా, రేపే రాయి అన్నాడు. ఆ రోజు ఆ జవాబు పంపలేదు.